ట్రావెల్ వీడియోలు తీసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు వంశధార ఒడ్డు నుంచి ఒక బహిరంగ లేఖ

ప్రియమైన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు,

నేను శ్రీకాకుళం జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్తాను. మీ వీడియోలు చూస్తుంటాను. అరకు, లంబసింగి, వంజంగి, గండికోట, పాపికొండలు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఒక అరగంట మీతో పాటు తిరిగొస్తాను. మీలో కొందరు ఎంత ఓపికగా తీస్తారో, ఎంత బాగా మాట్లాడతారో నాకు తెలుసు. ఆ చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అసలు సంగతికి ముందు మా క్లాసులో జరిగింది చెప్పాలి. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం. గిడుగు రామమూర్తి పంతులుగారి పటానికి దండ వేస్తాం. ఇద్దరు పిల్లలు వ్యాసాలు చదువుతారు, ఒకరు పద్యం పాడతారు, చాక్లెట్లు పంచుతాం. రెండేళ్ళ కిందట తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి, "మేడమ్, ఈయనది ఏ ఊరు?" అని అడిగింది. పర్వతాలపేట అని చెప్పాను. "అదెక్కడుంది మేడమ్?" అంది. మన జిల్లాలోనే, వంశధార ఒడ్డున, శ్రీకాకుళానికి ఇరవై మైళ్ళ దూరంలో అన్నాను. "మీరు చూశారా?" అంది.

చూడలేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన పటానికి దండ వేస్తున్నాను, ఆయన పుట్టిన ఊరు మాత్రం చూడలేదు. సెలవులొస్తే మా ఇంటిల్లిపాదీ అరకే వెళ్ళాం. బొర్రా గుహలు మూడుసార్లు చూశాం. పక్కనున్న ఊరికి ఒక్కసారి కూడా బస్సెక్కలేదు. ఆ పిల్ల మొహం చూస్తూ లేదని చెప్పడానికి నాకు చాలా కష్టమైంది. ఆ ఆదివారం నుంచే తిరగడం మొదలుపెట్టాను. కొన్నిసార్లు బస్సులో, కొన్నిసార్లు మావారి బండి మీద, రెండుసార్లు పిల్లల్ని వెంటేసుకుని.

తిరిగాక అనిపించింది మీతో చెప్పాలని. మీరు మా వైపు రండి. కానీ గంటలో చుట్టేసి వెళ్ళిపోవద్దు. ఒక రోజు ఇవ్వండి, కుదిరితే ఒక రాత్రి ఉండండి. చూసినదాని గురించి తెలుసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నా మనవి అంతే.

మొదట ఒక మాట అడగాలి. మీ వీడియోల మీద "ఎవరికీ తెలియని ప్రదేశం" అని పెద్ద అక్షరాలతో పెడతారు కదా, అది మానేయండి తమ్ముడూ. శ్రీముఖలింగం గురించి అలా పెట్టిన వీడియో ఒకటి మా పిల్లలే నాకు చూపించారు. శివరాత్రి ఉత్సవాల చివర చక్రతీర్థ స్నానం రోజున అక్కడికి వచ్చి చూడండి. ఇసకేస్తే రాలనంత జనం. ఒడిశా నుంచి కూడా వస్తారు. తెల్లారకముందే వంశధార నిండా దేవుడి పేరే. తాతల నాటి నుంచి మొక్కులు తీర్చుకుంటున్న ఊరిని ఎవరికీ తెలియదంటే, ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళు ఎవరూ కారని చెప్పినట్టవుతుంది. ఇప్పటిదాకా మాకు తెలియలేదు అనండి. అది నిజం, వినడానికీ బాగుంటుంది.

ముఖలింగం గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే అక్కడే నా మనసు ఆగిపోయింది. శ్రీకాకుళం నుంచి 46 కిలోమీటర్లు. జలుమూరు మండలం. రైల్లో వచ్చేవాళ్ళు తిలారులో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు, కానీ అక్కడ అన్ని రైళ్ళూ ఆగవు. ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్డు స్టేషనే నమ్మకం. ఊళ్ళోకి వచ్చేటప్పుడు మొదట కనిపించేది సోమేశ్వరాలయం. ముందు మండపమేమీ లేదు. ఒకే ఒక్క శిఖరం, నేల మీంచి నిటారుగా లేచి నిలబడింది. మీ కెమెరాకి అది చాలా నచ్చుతుంది, నాకు తెలుసు. అందరూ దాన్ని తీసుకుని, మధుకేశ్వరాలయంలో దణ్ణం పెట్టుకుని బయల్దేరిపోతారు. మూడోదైన భీమేశ్వరాలయం పాడుబడి ఉంది, అటు పోయేవాళ్ళు తక్కువ.

ఈ ఊరు ఒకప్పుడు కళింగనగరం. తూర్పు గాంగుల రాజధాని. పూరీ జగన్నాథుడి గుడి కట్టించడం మొదలుపెట్టిన అనంతవర్మ చోడగంగదేవుడి వంశం ఇక్కడి నుంచే ఏలింది. తర్వాత ఆయనే రాజధానిని కటకానికి మార్చాడు. పూరీ గుడిని చూడటానికి మనం రాత్రంతా రైల్లో కూర్చుని వెళ్తాం. ఆ గుడి కట్టాలనుకున్న రాజు ఇల్లు మన దారిలోనే ఉంది.

ఇది కళింగనగరమని తేల్చిన వాళ్ళలో మా గిడుగు వారు ముఖ్యులు. పదిహేడేళ్ళ కుర్రాడిగా 1880లో పర్లాకిమిడి బడిలో పంతులుగా చేరారు. ఇంట్లో బరువు బాధ్యతలు, చిన్న ఉద్యోగం. ముఖలింగం గుడి గోడల మీద శాసనాలున్నాయి, చదివేవాళ్ళు లేరు. పాత లిపులు నేర్పే గురువు కూడా దొరకలేదు. పుస్తకాలు తెప్పించుకుని తనంతట తానే ఆ లిపులు నేర్చుకుని ఆ శాసనాలు చదివారు.

ఈ మాట పుస్తకంలో చదివినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఆ గోడ దగ్గర నిలబడినప్పుడు అనిపించింది. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఎండ నిలువుగా పడితే అక్షరం కనిపించదు. రాయి అంతా ఒకటే తెలుపు. పొద్దుటి పూట, సాయంత్రం నాలుగు దాటాక ఎండ ఏటవాలుగా వచ్చినప్పుడు గీతల్లో నీడ నిలుస్తుంది, అప్పుడు వరసలు బయటపడతాయి. మా అమ్మాయిని వేలితో తడమకుండా కళ్ళతోనే ఒక అక్షరం పట్టుకోమన్నాను. పావుగంట చూసి, "అమ్మా, ఇది 'మ' లాగుంది" అంది. సరిగ్గానే చదివిందో లేదో నాకూ తెలియదు. కానీ ఆ పావుగంటలో గుడి దాని సొంతమైపోయింది. మీ దగ్గర మంచి కెమెరాలున్నాయి. ఆ ఏటవాలు వెలుగుని మీరు పట్టినట్టు ఎవరూ పట్టలేరు. గుడి మీద కెమెరాని గిరగిరా తిప్పేసే బదులు ఒక్క వరస మీద నిలపండి.

లోపల దేవుడి కథ కూడా ఊరివాళ్ళ నోట వినాల్సిందే. మధుకం అంటే ఇప్పచెట్టు. శబరుల, అంటే ఇక్కడి కొండల్లో ఉండే సవరల, నాయకుడి ఇద్దరు భార్యలు ఒక ఇప్పచెట్టు దగ్గర గొడవ పడితే, నాయకుడు కోపంతో చెట్టు నరికాడనీ, ఆ మొదట్లో శివుడి ముఖం కనిపించిందనీ చెప్తారు. అందుకే ముఖలింగం, అందుకే మధుకేశ్వరుడు. గర్భగుడిలో లింగం వెనక ఒక పెద్ద మట్టి గోలెం ఉంది. ఒక కుమ్మరి మొక్కుగా ఇచ్చినదట. గుమ్మంలోంచి పట్టనంత గోలెం లోపలికి ఎలా వెళ్ళిందో శివుడికే తెలియాలంటారు. నాకు ఇందులో బాగా నచ్చేదేంటంటే, శబరుల కథతో మొదలైన గుడి గోడలు చదివిన మనిషే తర్వాత సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని తపించి, సవర నిఘంటువు తయారుచేశారు. రెండూ ఆ కొండల నీడలోనే జరిగాయి. ఇంత పెద్ద విషయం ముప్పై సెకన్ల రీల్‌లో ఎలా పడుతుందో మీరే చెప్పండి.

నదితో పాటే కిందికి దిగితే శాలిహుండం. శ్రీకాకుళానికి దగ్గర, 18 కిలోమీటర్లుంటుందేమో, గార మండలం. ఈ కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయని 1919లో బయటపెట్టిందీ ఆ గిడుగు వారే. తర్వాత తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు, ధాతు కరండాలు (అంటే అస్థికలు దాచే పెట్టెలు), తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు దొరికాయి. ఊరి పేరు శాలివాటిక నుంచి వచ్చిందని కొందరు, శల్యపేటిక నుంచి వచ్చిందని కొందరు అంటారు. మొదటిది ధాన్యం నిలవచేసే చోటు, రెండోది ఎముకల పెట్టె. పైకెక్కి చుట్టూ చూస్తే రెండూ నిజమే అనిపిస్తుంది. కాళ్ళ దగ్గర ఇటుకల స్తూపాలు, కింద కనుచూపు మేర వరి మళ్ళు, వాటి అంచున వంశధార.

అక్కడ ఒక స్తూపాన్ని బండి చక్రంలా కట్టారు. నడుమ ఇరుసు, ఆకులు, చుట్టూ పట్టా, అంతా ఇటుకే. పిల్లలు దాన్ని చూడగానే "మేడమ్, చక్రం!" అని అరిచారు. నేను చెప్పాల్సిన పాఠం వాళ్ళే చెప్పేశారు. ఆ ఇటుకల మీదికి ఎక్కి ఫొటోలు దిగుతున్న వాళ్ళని కూడా ఆ రోజే చూశాం. దయచేసి మీరు ఎక్కకండి. మీరొకసారి ఎక్కినట్టు వీడియోలో కనిపిస్తే, ఆ తర్వాత వెయ్యిమంది ఎక్కుతారు. రెండు వేల ఏళ్ళు నిలిచిన ఇటుక చెప్పుల కింద రాలిపోతుంది.

అక్కడి నుంచి కళింగపట్నం ఎంతో దూరం లేదు. పాత రేవు, లైట్‌హౌసు, నది సముద్రంలో కలిసే చోటు. సాయంత్రం కూర్చోవడానికి బాగుంటుంది, స్నానానికి మాత్రం వద్దు. నది నోటి దగ్గర నీటి లాగుడు పైకి కనిపించదు. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళని అడిగితే ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ దిగకూడదో చెప్తారు.

ఇప్పుడు తేలినీలాపురం. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే.

టెక్కలి దగ్గర చిన్న ఊరు. ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. పెలికాన్‌ని గూడబాతు అని కూడా అంటాం. ఊరి చెట్ల మీదే గూళ్ళు కడతాయి. గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, అవి ఎగరడం నేర్చాక ఎండలు ముదిరేలోగా వెళ్ళిపోతాయి. మేతకి నౌపడ వైపు ఉప్పు మడులు, తంపరలు (నీళ్ళు నిలిచే పల్లపు నేలలు) ఉన్నాయి. పెద్ద పక్షులు, రెక్క విప్పితే మనిషి నిలువు కన్నా పొడుగు. చింతచెట్టు కొమ్మ మీద అంత పక్షి వచ్చి వాలినప్పుడు కొమ్మ కిందికి వంగి మళ్ళీ లేస్తుంది. గూట్లో పిల్ల తల్లి ముక్కు కింది సంచిలోకి తల మొత్తం దూర్చేసి చేపలు తింటుంది. మొదటిసారి చూసినప్పుడు తల్లి పిల్లని మింగేస్తోందని మా పిల్లలు కంగారుపడ్డారు. చెట్ల కింద చేపల కంపు. ఆకులన్నీ రెట్టలతో తెల్లగా సున్నం కొట్టినట్టుంటాయి. ఊరి ఆడవాళ్ళు ఆ చెట్ల కిందే వాకిలి ఊడ్చుకుంటారు, పిల్లలు ఆడుకుంటారు. ఎవరూ విసుక్కోరు. పక్షులొచ్చిన ఏడు ఊరికి మంచిదని వాళ్ళ నమ్మకం.

కిందటి శీతాకాలం మేము పిల్లలతో వెళ్ళిన రోజు ఇద్దరు కుర్రాళ్ళు కెమెరాలతో వచ్చారు. మర్యాదస్థులే. నన్ను "అమ్మా" అని పలకరించి, పిల్లలకి బిస్కట్లు కూడా ఇచ్చారు. కాసేపటికి డ్రోన్ ఎగరేశారు. ఆ చప్పుడుకి ఒక చెట్టు మీది పెద్ద పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. ఆకాశం నిండిపోయింది. వాళ్ళకి అద్భుతమైన షాట్ దొరికింది, నిజం. కానీ మేమందరం గూళ్ళ వైపు చూస్తున్నాం. బొచ్చు కూడా సరిగ్గా రాని పిల్లలు ఎండలో నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. పక్క కొమ్మ మీద కాకులు. ఐదు నిమిషాలో, పది నిమిషాలో, నాకు చాలాసేపనిపించింది. అటుగా పోతున్న ఒక ముసలమ్మ ఆగి, కోపం లేకుండానే అంది: "కానుపుకొచ్చిన ఆడపిల్లల్ని ఎవలైనా అదిలిస్తారేటి బాబూ?"

ఆ కుర్రాళ్ళు వెంటనే డ్రోన్ దించేశారు. తప్పయిందని చెప్పారు. వాళ్ళని తిట్టడానికి రాయడం లేదు. తెలియక చేశారు, తెలిశాక మానేశారు. వాళ్ళకి ముందే తెలిసి ఉంటే బాగుండేదని మాత్రం రాస్తున్నాను. గూళ్ళున్న చోట డ్రోన్ వద్దు, అరుపులు వద్దు, చెట్టు మొదట్లోకి వెళ్ళొద్దు. పొద్దున్నే వచ్చి, దూరంగా, వాచ్ టవర్ మీదో ఎవరింటి అరుగు మీదో కూర్చుంటే పక్షులే మీ దగ్గరికొచ్చినట్టుంటుంది. అరుగు మీద కూర్చోమని వాళ్ళే అంటారు. "ఏ ఊరమ్మా మీది, ఎప్పుడొచ్చినారు, తిన్నారా" అని అడుగుతారు. ఆ మాటలు రికార్డు చేసుకోండి, మా ఉత్తరాంధ్ర యాస మీ ఛానెల్లో వినిపిస్తే నాకు ఎంత సంతోషమో.

ఇంకో సంగతి. ఇవి సైబీరియా పక్షులని అందరూ చెప్పేస్తున్నారు. పేపర్లలో కూడా అలాగే వచ్చేది, నేనూ క్లాసులో అలాగే చెప్పాను. మచ్చల ముక్కు పెలికాన్ గానీ ఎర్రకాళ్ళ కొంగ గానీ సైబీరియా నుంచి రావు. ఇవి మన దక్షిణాసియా పక్షులే, మన చెరువుల్లో తిరిగేవే. గూడు కట్టుకోవడానికి భద్రంగా ఉండే చోటు వెతుక్కుంటూ ఈ ఊరికి వస్తాయి. వేల మైళ్ళ నుంచి వచ్చాయంటే గొప్పగా వినిపిస్తుంది కాబట్టి అలా చెప్తాం. కానీ ఈ దేశంలో ఇన్ని చెరువులు, ఇన్ని చెట్లు ఉండగా ఈ ఊరి చెట్లనే నమ్ముకున్నాయంటే, ఆ గొప్ప ఈ ఊరిది. దాన్ని సైబీరియాకి ఇచ్చేయకండి.

శీతాకాలంలో వస్తే దారి పక్కన కాల్చిన తేగలు అమ్ముతుంటారు, కొనుక్కోండి.

పొందూరు వంశధార ఒడ్డున లేదు, కాస్త పక్కకి పోవాలి. కానీ దాన్ని వదిలి రాయలేను. పొందూరు ఖద్దరు పేరు మీకు తెలిసే ఉంటుంది. పంచె ఎంత సన్నగా ఉంటుందో, ఎంత ఖరీదో వీడియోల్లో చూపిస్తారు. ఆ సన్నదనం ఎక్కడి నుంచి వచ్చిందో చూపించినవాళ్ళు తక్కువ. ఒకామె ఇంట్లో గంటన్నర కూర్చుని చూశాను. ఆమె చేతిలో వాలుగ చేప దవడ ఉంది. ఎండబెట్టిన దవడ, దానికి దువ్వెన కన్నా సన్నటి పళ్ళు. గింజ మీదున్న దూదిని దానితో దువ్వుతుంది. ఒక్కో గింజని పట్టుకుని ఒక్కోసారి. చెత్త రాలిపోయి పోగులన్నీ ఒకే వైపుకి పడుకుంటాయి. తర్వాత చెక్క మీద పెట్టి ఇనుప కడ్డీతో గింజ తీస్తారు, చిన్న వింటితో ఏకుతారు, ఏకులు చుడతారు. ఆ ఏకుని ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని రాట్నం తిప్పుతారు. చేతి చెమట దూదికి తగలకుండా అన్నమాట. ఎందుకు అరటి దొప్పే అని అడిగితే, "ఇది మెత్తగుంటాది, పోగు తెగదు" అంది. ఆమె వేళ్ళ మధ్య నుంచి పోగు వస్తుంటే నా కళ్ళకి కనిపించలేదు, వెలుగుకి అడ్డంగా పట్టుకుంటేనే కనిపించింది.

1921లో గాంధీగారు ఈ ఖద్దరు సంగతి తెలుసుకుని రమ్మని తన కొడుకు దేవదాస్ గాంధీని పొందూరు పంపించారని చెప్తారు. ఆ కాలంలో అంత దూరం నుంచి మనిషిని పంపి చూసి రమ్మన్నారు. మనం జాతీయ రహదారి మీద ఏసీ కారులో పక్కనుంచే వెళ్ళిపోతున్నాం. వడికే ఆడవాళ్ళకి వచ్చేది చాలా తక్కువ, పిల్లలు ఈ పనిలోకి రావడం లేదు. మీరు వెళ్తే వాళ్ళ పని ఆపించి కెమెరా ముందు నిలబెట్టకండి, పని చేసుకుంటుంటే పక్కన కూర్చుని తీయండి. వచ్చేటప్పుడు అక్కడి సంఘం దుకాణంలో ఒక తువ్వాలైనా కొనండి.

ఇంకా ఉన్నాయి. సరవకోట మండలంలో బుడితి ఇత్తడి సామాను. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలో వానలతో పాటు వచ్చి గూళ్ళు కట్టే చిల్లుముక్కు కొంగలు. ఆమదాలవలస దగ్గర దన్ననపేటలో ఒక్క పెద్ద రాతి పలకని పైకప్పుగా పెట్టిన పూర్వకాలపు సమాధి. బారువ తీరం. మందస కోవా. ఇవన్నీ మీరే వెతుక్కుంటారు, నేను చెప్పేస్తే మీకు ఏం మిగులుతుంది.

రండి అంటూనే నాకు లోపల ఒక టెన్షన్ ఉంది. అదీ దాచకుండా చెప్తాను. వంజంగి కొన్నేళ్ళ కిందటి దాకా పాడేరు వైపు వాళ్ళకే తెలిసిన కొండ. మబ్బులు కాళ్ళ కింద పరుచుకునే ఆ దృశ్యం వీడియోల్లోకి వచ్చాక, శీతాకాలం శని ఆదివారాల్లో తెల్లారకముందే బండ్ల బారు. వెనకాలే నీళ్ళ సీసాలు, చిప్స్ కవర్లు. ఆ కొండ మీద ప్లాస్టిక్ ఏరుతున్న వాళ్ళ ఫొటోలు కూడా మీలోనే కొందరు పెట్టారు, వాళ్ళకి దణ్ణం. మా తేలినీలాపురం అలా అయితే తట్టుకోలేదు. అది కొండ కాదు, నాలుగు వీధుల ఊరు. వంద కార్లు ఒక్క పొద్దున వస్తే గూళ్ళున్న చెట్ల కిందే పార్కింగ్ చేయాలి.

అందుకే గుంపుల్ని పిలవొద్దని అడుగుతున్నాను. మనుషుల్ని పిలవండి. "ఈ ఆదివారం అందరం కలుద్దాం" అని ప్రకటనలు వద్దు. ఏ నెలలో రావాలో, ఏం చూడాలో, ఏం చేయకూడదో మీ వీడియోలోనే చెప్పేయండి. మీ మాట పిల్లలు వింటారు. నేను క్లాసులో పదిసార్లు చెప్పిన దాని కన్నా మీరు ఒక్కసారి చెప్తే ఎక్కువ వింటారని నాకు తెలుసు, అందులో నాకు బాధేమీ లేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. కారులో నీళ్ళు, టిఫిను, భోజనం అన్నీ సర్దుకొచ్చి, చూసి, చెత్త పడేసి పోతే ఊరికి మిగిలేది ఆ చెత్తే. ఊరి ఆటో మాట్లాడుకోండి. ఆటో నడిపే వాళ్ళకి మీకు కావాల్సిన కథలన్నీ తెలుసు. ముందురోజే ఫోన్ చేసి చెప్తే ఇంట్లో భోజనం వండి పెట్టేవాళ్ళు కూడా ఉంటారు. చోడి (రాగి) అంబలి, పనసపొట్టు కూర, వంశధార చేపల పులుసు దొరికిన రోజు మీ అదృష్టం. వాళ్ళు అడిగినంత ఇవ్వండి, బేరం ఆడకండి. ఈ ఊళ్ళలో లాడ్జీలు ఆశించొద్దు, శ్రీకాకుళంలోనో టెక్కలిలోనో ఉండి పొద్దున్నే బయల్దేరండి.

చెల్లెళ్ళకి విడిగా ఒక మాట. ఆడవాళ్ళకి ఇలాంటి చోట్ల అసలు కష్టం బాత్రూము. నేను ముప్పైమంది ఆడపిల్లలతో ఒక చోటికి వెళ్ళినప్పుడు, ఉన్న ఒక్క టాయిలెట్‌కీ తాళం వేసి ఉంది. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పేవాళ్ళు లేరు. చివరికి పక్కింటావిడ మమ్మల్ని లోపలికి పిలిచి, బావిలో నీళ్ళు తోడి ఇచ్చింది. ముప్పైమందికీ! మీ వీడియోల్లో గుడి శిఖరం చూపించినట్టే ఇది కూడా చూపించండి. టాయిలెట్ ఉందా, తెరిచి ఉందా, నీళ్ళున్నాయా అని. ఇది చూపించడం చిన్నతనం కాదు. ఇది తెలియకే ఎంతమంది అమ్మలు, అమ్మమ్మలు పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా ప్రయాణం చేస్తారో మీకు మీ ఇంట్లో అడిగితే తెలుస్తుంది. మీరు చూపిస్తే తాళాలు తెరుచుకుంటాయి. మీకంత బలం ఉంది.

వచ్చే ఆగస్టు 29న ఈసారి మేము స్కూల్లో సభ పెట్టడం లేదు. హెడ్మాస్టరుగారు ఒప్పుకున్నారు. పిల్లల్ని బస్సులో పర్వతాలపేట తీసుకెళ్ళి, అక్కడి నుంచి ముఖలింగం వెళ్తాం. వానలు పడుతుంటాయి, వంశధార నిండుగా ఉంటుంది, గొడుగులు తెచ్చుకోమన్నాం. రెండేళ్ళ కిందట ప్రశ్న అడిగిన పిల్ల ఇప్పుడు కాలేజీలో చేరుతోంది, తనూ వస్తానంది. శాసనం అక్షరాలు తానే కాగితం మీద గీసుకుంటుందట. దానికి తెల్లకాగితాల పుస్తకం ఒకటి కొనిపెట్టాను.

మీలో ఎవరికైనా వీలైతే ఆ రోజు రండి. గుడి దగ్గర పొద్దున ఎనిమిదింటికల్లా ఉంటాం, ఎండ ఏటవాలుగా ఉండగానే.

ఇట్లు
మీ అక్క,
శ్రీకాకుళం జిల్లా తెలుగు టీచరు